టవర్ డిజైన్‌కి స్టాడ్ వదిలేసి ఏది తీసుకోవాలి?

కృష్ణాతీరం:
పొద్దున్న తొమ్మిదింటికి కూర్చున్నాను, ఇప్పుడు రాత్రి పదకొండున్నర. స్టాడ్‌లో (కట్టడాల బలం లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) టవర్ మోడల్ చేసి రన్ కొడితే ఇన్‌స్టెబిలిటీ (కట్టడం నిలవదనే) వార్నింగులు. ఒకటీ రెండూ కాదు, కిందికి జరుపుతూ పోతుంటే అయిపోవట్లేదు. కొన్ని జాయింట్ల దగ్గర డిస్‌ప్లేస్‌మెంట్ మీటర్లలో చూపిస్తోంది. సపోర్టులు మూడుసార్లు సరిచూసుకున్నాను, తప్పు లేదు. ఎల్లుండి క్లయింట్‌కి రిపోర్టు ఇవ్వాలి. కొత్త సాఫ్ట్‌వేర్ కొనడానికి మా సార్ ఒప్పుకున్నారు కాబట్టి సూటిగా చెప్పండి. టెలికాం టవర్లకి, పోల్స్‌కి ఏది మంచిది? పీఎల్ఎస్ టవరా, టీఎన్ఎక్స్ టవరా, శాప్ 2000నా? స్టాడ్ పేరు మాత్రం ఎత్తకండి, దండం పెడతా.

గోదారి గట్టు:
ఎత్తెంత? ఏ ఊరు? ఏ కోడ్? లాటిసా (ఇనుప కడ్డీల అల్లిక), పోలా? కొత్తదా, ఉన్నదానికి చెకింగా?

లెక్కల మాస్టారు:
బాబూ, ముందు సాఫ్ట్‌వేర్ గొడవ పక్కన పెట్టు. మేం ఉద్యోగంలో చేరిన కొత్తలో టవర్ అంటే గ్రాఫ్ కాగితం, కాలిక్యులేటర్, అంతే. టవర్‌ని ప్యానెళ్లుగా విడగొట్టి, ఒక్కోదానికి సాలిడిటీ రేషియో (ముఖంలో ఇనుము కప్పే వంతు) కట్టి, గాలి బలాలకి మన కోడ్ ఐఎస్ 875 మూడో భాగంలో పట్టిక చూసి ఫోర్స్ కోఎఫిషెంట్ (గాలి బలం గుణకం) తీసేవాళ్లం. చదరపు టవర్‌కి సాలిడిటీ 0.1 అయితే 3.8, 0.3 అయితే 2.8. బోసిగా ఉన్న టవర్‌కే కోఎఫిషెంట్ ఎక్కువని ఇప్పటి కుర్రాళ్లలో ఎంతమందికి తెలుసు? గాలి మూల మీదికి వస్తే ముఖం మీద వచ్చేదానికి 1.2 రెట్లు తీసుకోవాలన్న సంగతి? బటన్ నొక్కితే ఎర్ర గీత వచ్చిందా, పచ్చ గీత వచ్చిందా అని చూసుకోవడమేగానీ ఆ బలం ఎక్కడి నుంచి వచ్చిందో అడిగితే నోరు పెగలదు. కరెంటు లైన్ టవర్లని చెన్నైలో ఎస్ఈఆర్‌సీ (కట్టడాల పరిశోధన సంస్థ) వాళ్ల స్టేషన్‌లో నిలువెత్తున నిలబెట్టి లాగి పరీక్షిస్తారు, వీలైతే ఒకసారి వెళ్లి చూడు.

కృష్ణాతీరం:
మాస్టారూ, మీరన్నది నిజమే, కానీ నాకు ఎల్లుండి రిపోర్టు ఉంది. గట్టు గారూ, 40 మీటర్ల టవర్, మామూలు నాలుగు కాళ్లది. దీని తర్వాత 20 మీటర్ల మాస్ట్ కూడా చేయాలి.

గోదారి గట్టు:
మాస్ట్ అంటే గై వైర్లు (నేలకి లాగి కట్టే తీగలు) ఉన్నదా?

కృష్ణాతీరం:
వైర్లు లేవండీ. ఒంటి గొట్టం, పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది.

గోదారి గట్టు:
అది మోనోపోల్. మాస్ట్ కాదు.

బోల్టుల బాబు:
గట్టు అన్నా, సైట్‌లో గ్రౌండ్ మీద తనంతట నిలబడే చిన్నవాటిని కూడా గ్రౌండ్ బేస్డ్ మాస్టే అంటారు. పర్చేజ్ ఆర్డర్‌లోనూ జీబీఎం అనే రాస్తారు. పుస్తకం మాట ఒకటి, యార్డు మాట ఒకటి.

గోదారి గట్టు:
యార్డులో ఏమన్నా అనుకోండి. డిజైన్ బేసిస్‌లో మాస్ట్ అని రాస్తే చెక్ చేసేవాడు గై టెన్షన్ ఎంత అని అడుగుతాడు.

బోల్టుల బాబు:
వైర్లే లేనప్పుడు టెన్షన్ ఎవడికి అన్నా, మనకే.

డల్లాస్ నుంచి:
నేనిక్కడ టవర్ల పనిలోనే ఉన్నాను. నా చేతికి వచ్చే రిపోర్టుల్లో ఎక్కువ టీఎన్ఎక్స్ టవర్‌వే. యాంటెన్నాలు, ఫీడ్‌లైన్లు, మౌంట్లు పేర్లతో ఎంచుకుంటే గాలి బలాలు అదే కట్టేసుకుంటుంది. అది అమెరికా టవర్ కోడ్ టిఐఏ 222 చుట్టూ అల్లిన సాఫ్ట్‌వేర్. పీఎల్ఎస్ టవర్, పీఎల్ఎస్ పోల్ పుట్టింది కరెంటు లైన్ల కోసం, టెలికాంకీ వాడతారు. 2022లో ఆ కంపెనీని బెంట్లీ కొనేసింది, అంటే స్టాడ్ వాళ్లే. మీరు పారిపోయి వెళ్లేది అదే ఇంటి ఇంకో గదిలోకి. ఇంతకీ క్లయింట్ అడిగింది ఏ కోడ్?

కృష్ణాతీరం:
టిఐఏ 222-హెచ్. గాలి వేగం సెకనుకి 50 మీటర్లు వేశాను.

డల్లాస్ నుంచి:
ఆగండి. ఆ 50 ఎక్కడిది? ఐఎస్ 875 మ్యాప్‌లోదా?

కృష్ణాతీరం:
అవును. సైట్ మచిలీపట్నం దగ్గర.

డల్లాస్ నుంచి:
ఈ మాట మొదటి పోస్టులోనే రాయాల్సింది! మన మ్యాప్‌లో ఉన్నది 50 ఏళ్లకోసారి వచ్చే 3 సెకన్ల గస్ట్ వేగం. టిఐఏ జీ ఎడిషన్‌లో ఆ రకం వేగమే పెట్టి, బలం మీద 1.6 ఫ్యాక్టర్ వేసేవాళ్లం. హెచ్‌లో పద్ధతి మారింది. వేగమే అల్టిమేట్ స్థాయిలో ఇవ్వాలి, ఫ్యాక్టర్ 1.0. 1.6కి వర్గమూలం సుమారు 1.265 కాబట్టి మీ 50 కాస్తా 63 దగ్గరికి వెళ్తుంది. 50 అలాగే వదిలేస్తే గాలి బలం మూడింట రెండొంతుల కన్నా తక్కువే పడుతుంది. ఏ సాఫ్ట్‌వేరూ దీన్ని పట్టుకోదు, దానికి 50 కూడా ఒక అంకె మాత్రమే.

గోదారి గట్టు:
పైగా తీరం. 2015 ఐఎస్ 875లో తూర్పు తీరానికి 60 కిలోమీటర్ల లోపు కె4 అనే తుపాను ఫ్యాక్టర్ ఉంది. తుపాను తర్వాత కూడా పనిచేయాల్సిన కట్టడాలకి 1.30. కమ్యూనికేషన్ టవర్లు ఆ కోవలోకే వస్తాయి.

బోల్టుల బాబు:
1.30 వేస్తే టన్నేజ్ ఎంత పెరుగుతుందో తెలుసా అన్నా? క్లయింట్ కొటేషన్ చూడగానే ఫోన్ కట్ చేస్తాడు.

గోదారి గట్టు:
తెలుసు. వేగం మీద 1.30 అంటే బలం మీద 1.69. 2014లో హుద్‌హుద్ తర్వాత వైజాగ్‌లో ఫోన్లు రోజుల తరబడి మూగబోయాయి. అప్పుడు అక్కడున్నావా నువ్వు?

బోల్టుల బాబు:
ఉన్నాను. పడిపోయినవాటిని విప్పింది మేమే. ఫోన్లు పోవడానికి కరెంటు లేకపోవడం, డీజిల్ అయిపోవడం కూడా కారణాలే. అన్నీ డిజైన్ మీదికి తోయొద్దు.

లెక్కల మాస్టారు:
అమెరికా కోడ్‌లో మన కె4 కలుపుతారా? ఒక కోడ్ పట్టుకుంటే చివరిదాకా దాంతోనే పోవాలి. వేగం ఒకదాంట్లోంచి, ఫ్యాక్టర్ ఇంకోదాంట్లోంచి తీస్తే అది డిజైన్ కాదు, కిచిడీ.

డల్లాస్ నుంచి:
మాస్టారితో ఏకీభవిస్తాను. ఐఎస్ 875తో వచ్చిన బేస్ మొమెంట్ (అడుగున టవర్‌ని వంచే ప్రభావం), హెచ్‌తో వచ్చిన బేస్ మొమెంట్ రెండూ ఫ్యాక్టర్ చేశాక పక్కపక్కన పెట్టి చూడండి. పెద్ద తేడా ఉంటే క్లయింట్‌నే రాతపూర్వకంగా తేల్చమనండి.

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం, కానీ నా వార్నింగుల సంగతి ఎవరూ చెప్పలేదు 🙏

గోదారి గట్టు:
బ్రేసింగ్ (కాళ్లని కలిపే ఏటవాలు కడ్డీలు) ఏంటి? ఎక్స్ అయితే, రెండు డయాగొనల్స్ దాటుకునే చోట నోడ్ (జాయింట్) పెట్టావా? అన్నిటికీ మెంబర్ ట్రస్ ఇచ్చావా?

కృష్ణాతీరం:
ఎక్స్. రెండూ చేశాను.

గోదారి గట్టు:
అదే నీ రోగం. ఆ నోడ్‌కి తగిలే నాలుగు ముక్కలూ ఒకే తలంలో ఉన్నాయి. ట్రస్ మెంబర్‌కి తన పొడవునా లాగే, నొక్కే బలం తప్ప ఏమీ తెలియదు. ముఖానికి అడ్డంగా ఆ నోడ్‌ని పట్టుకునేవాడు లేడు. స్టాడ్ అక్కడ ఒక బలహీనమైన స్ప్రింగ్ తగిలించి ముందుకు పోతుంది, నీకు మీటర్లు కనిపిస్తాయి. నోడ్ తీసేసి డయాగొనల్‌ని ఒకే మెంబర్‌గా వెయ్యి, లేదా ట్రస్ తీసేసి బీమ్‌గా ఉంచి రెండు చివర్లే రిలీజ్ చెయ్యి. నోడ్ తీసేస్తే బక్లింగ్ (నొక్కుడుకి కడ్డీ వంగిపోవడం) పొడవు చేత్తో ఇవ్వాలి, లేకపోతే మొత్తం పొడవు తీసుకుని యాంగిల్ ఫెయిలంటుంది. కె బ్రేసింగ్ ఉన్న ప్యానెళ్లలో హారిజాంటల్ మధ్య నోడ్ కూడా ఇంతే, అక్కడ ప్లాన్ బ్రేసింగ్ (నేలకి సమాంతరంగా అడ్డ కడ్డీలు) ఉందో లేదో చూడు. పీఎల్ఎస్ టవర్‌కి వెళ్లినా ఈ ప్లేనార్ జాయింట్ నీ వెంటే వస్తుంది.

బోల్టుల బాబు:
మోనోపోల్‌కి అయితే సాఫ్ట్‌వేర్ దాకా ఎందుకు బ్రదర్? కింద బిగించి నిలబెట్టిన గొట్టం. ఎక్సెల్ చాలు. స్లిప్ జాయింట్ (ఒక ముక్క మీద ఇంకోటి దిగే అతుకు) ఓవర్‌ల్యాప్ వ్యాసానికి ఒకటిన్నర రెట్లకి తగ్గకుండా చూసుకో. కేబుల్ కోసం కింద కోసే కిటికీ చుట్టూ రీఇన్‌ఫోర్స్‌మెంట్ మరిచిపోకు.

గోదారి గట్టు:
ఎక్సెల్ చాలదు. సన్నటి పోల్‌కి గస్ట్ ఫ్యాక్టర్, వోర్టెక్స్ షెడ్డింగ్ (గాలి సుడులతో ఊగడం), పి-డెల్టా (వంగిన పోల్‌ని బరువు ఇంకా వంచడం) చూడాలి.

బోల్టుల బాబు:
అవన్నీ ఎక్సెల్‌లోనే చేసే షీట్ నా దగ్గరుంది అన్నా.

గోదారి గట్టు:
ఎవరు వెరిఫై చేశారు?

బోల్టుల బాబు:
షీట్ పెట్టినవాడు 😀

కృష్ణాతీరం:
నోడ్లు తీసేశాను, రన్ అయింది. వార్నింగులు రెండే మిగిలాయి, పైన ప్లాట్‌ఫామ్ దగ్గర. థాంక్స్ గట్టు గారూ. ఇక సాఫ్ట్‌వేర్ ఇప్పుడే వద్దని మా సార్ అంటున్నారు.

డల్లాస్ నుంచి:
గాలి వేగం మార్చారా?

గోదారి గట్టు:
కె4 సంగతి?

విజయనగరం వాసు:
నాకూ ఇదే డౌట్. ఫాలో అవుతున్నా.