సబ్‌మెరీన్ బంగారం లొకేషన్ మ్యాప్‌లో నేల మీద పడుతోంది, ఎవరైనా చూడండి

తీరంవాసి:
పొద్దున పదింటి నుంచీ దీంతోనే కుస్తీ. బంగారంతో మునిగిన ఆ సబ్‌మెరీన్ ఉంది కదా, దాని లొకేషన్ మ్యాప్‌లో కొడితే నేల మీద చూపిస్తోంది! మూడు చోట్ల సరిచూశా, అన్నిట్లో అవే అంకెలు. జపాన్ వాళ్ల రెండు టన్నుల బంగారం సముద్రం మధ్యలో జర్మన్ సబ్‌మెరీన్‌లోకి మారిందనీ, అది అర్జెంటీనా చేరిందనీ ఒక వీడియోలో చెప్పారు. వాళ్లు కలిసిన చోటు, మునిగిన చోటు రెండూ ఒకే మ్యాప్ మీద పెట్టాలి. పైగా మునిగిన తేదీ ఒకరు 23 అంటారు, ఇంకొకరు 24 అంటారు. ఏది వేయాలి? రేపటికల్లా కావాలి.

లంగరు:
ఏ సబ్‌మెరీన్? నంబరు చెప్పండి.

తీరంవాసి:
అదేనండీ, బంగారం ఉన్నది. అందరికీ తెలిసిందే కదా.

పటాలపిచ్చి:
తీరంవాసి గారూ, బంగారం కథ ఉన్న సబ్‌మెరీన్లు ఒకటీ రెండూ కావు. డెన్మార్క్ దగ్గర కట్టెగట్ సముద్రంలో 1945 మే 5న మునిగిన జర్మన్ సబ్‌మెరీన్ యూ-534 ఒకటి. బంగారం ఉందన్న పుకారు మీద 1993లో పైకి లాగారు, లోపల బంగారం లేదు. ఆ మర్నాడు స్కాగెరాక్‌లో మునిగిన యూ-3523 ఇంకొకటి. దాన్ని 2018లో 123 మీటర్ల లోతున కనిపెట్టారు, ముక్కు బురదలో దిగబడి తోక పైకి లేచి ఉంది. జర్మనీ లొంగిపోయాక అర్జెంటీనాలో తేలిన యూ-530, యూ-977 వేరే. ఇవికాక జపాన్ ఐ-52. వీటిలో ఏది? అంకెలు ఎలా ఉన్నాయో అలాగే ఇక్కడ పెట్టండి, మీరు మ్యాప్‌లో ఎలా కొట్టారో కూడా.

తీరంవాసి:
ఐ-52. 15.16, 39.55 అని కొట్టాను. ఎర్రసముద్రం పక్కన ఎరిత్రియాలో పడుతోంది.

లంగరు:
పశ్చిమ రేఖాంశం. 39 ముందు మైనస్ పెట్టండి.

ఎనభైరెండున్నర:
మైనస్ ఒక్కటే సరిపోదు. రెండు తప్పులున్నాయి. మైనస్ పెట్టగానే పిన్ను సముద్రంలో పడుతుంది కాబట్టి రెండోది ఇక కంటికి కనబడదు, అందుకే అది మొదటిదానికంటే ప్రమాదం.

ఐ-52 స్థానంగా అందరూ రాసేది 15°16' ఉత్తరం, 39°55' పశ్చిమం. ఆ 16, 55 నిమిషాలు. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి చుక్క పెట్టి రాసేయకూడదు, 60తో భాగించాలి. 16 ÷ 60 = 0.2667. 55 ÷ 60 = 0.9167. మీరు కొట్టాల్సింది 15.2667, -39.9167.

ఎంత తేడా వస్తుందో చూడండి. అక్షాంశంలో 15.2667 నుంచి 15.16 తీసేస్తే 0.1067 డిగ్రీ, అంటే 6.4 నిమిషాలు. అక్షాంశంలో ఒక నిమిషం ఒక నాటికల్ మైలు, కాబట్టి 6.4 మైళ్లు దక్షిణానికి జరిగారు. రేఖాంశంలో 22 నిమిషాల తేడా. ఆ అక్షాంశం దగ్గర రేఖాంశ నిమిషం 0.965 మైలే ఉంటుంది, కాబట్టి 21 మైళ్ల పైచిలుకు తూర్పుకి. మొత్తం మీద 22 నాటికల్ మైళ్లు, సుమారు 41 కిలోమీటర్లు పక్కన ఉన్నారు. అక్కడ లోతు 5 వేల మీటర్ల పైన. అంత లోతుకి సోనార్ (శబ్దంతో అడుగును వెతికే పరికరం) దించి వెనక ఓడతో లాగేటప్పుడు గంటకు రెండు మైళ్లకు మించి పోలేరు. 22 మైళ్లు తప్పితే రోజులకు రోజులే పోతాయి.

ఒక్క జాగ్రత్త. కొన్ని కాగితాల్లో 15-16-30 అని మూడు ముక్కలుగా ఉంటుంది, చివరిది సెకన్లు, దాన్ని 3600తో భాగించి కలపాలి. 15-16.5 అని ఉంటే అది నిమిషాల్లో దశాంశం, సెకన్లు కాదు. చుక్క ఎక్కడుందో చూడకుండా భాగించకండి.

పదశోధన:
అసలు విషయం పక్కన పెట్టి అందరూ అంకెల వెంట పడ్డారు. మూడు మాటలు సరిచేసుకోవాలి. ఒకటి, ఇది కొందరు అనే 'నాజీ నిధి' కాదు. జర్మనీ నుంచి కొనే సాంకేతిక పరిజ్ఞానానికి జపాన్ పంపిన చెల్లింపు. నిధి అంటే ఎవరో దాచి మర్చిపోయింది. ఇది లెక్క రాసి పంపిన సరుకు: 146 కడ్డీలు, 49 లోహపు పెట్టెలు. దాంతో పాటు తగరం, టంగ్‌స్టన్, మాలిబ్డినం, ముడి రబ్బరు, సుమారు మూడు టన్నుల నల్లమందు కూడా ఉన్నాయి.

రెండు, వీటిని 'జలాంతర్గామి' అనడం నాకు నచ్చదు. జలాంతర్గామి అంటే నీటి లోపల నడిచేది. ఆ రోజుల్లో ఇవి నీటి పైన నడిచి, అవసరమైనప్పుడు మునిగేవి. జర్మన్ ఏడో రకం 'సీ' నమూనా పైన 17.7 నాట్లు (గంటకు అన్ని నాటికల్ మైళ్లు) పోతే లోపల 7.6 మాత్రమే. బ్యాటరీ నింపాలంటే పైకి రావాల్సిందే, డీజిల్ ఇంజనుకి గాలి కావాలి. ఐ-52 రాత్రిపూట నీటి పైన ఉండగానే అమెరికా విమానం రాడార్‌కి దొరికింది. పైన 15.6, లోపల 17.2 నాట్లు పోయే ఇరవై ఒకటో రకం వచ్చాకే ఆ పేరుకి తగ్గ పడవ వచ్చినట్టు. పైన చెప్పిన యూ-3523 ఆ రకమే.

మూడు, ఐ-52ను మైన్‌తో ముంచారని కొందరు రాస్తారు. అది తప్పు.

లంగరు:
అమెరికా కాగితాల్లోనే 'మార్క్ 24 మైన్' అని ఉంది.

పదశోధన:
ఆ పేరు కావాలని పెట్టింది. అది ప్రొపెల్లర్ శబ్దాన్ని పట్టుకుని వెంటపడే టార్పెడో. రహస్యం బయటపడకూడదని మైన్ అని రాసుకున్నారు. పేరు చూసి అర్థం చేసుకుంటే మొత్తం తారుమారవుతుంది. శబ్దం వినడానికి ముందు సోనోబాయ్‌లు (నీటిలో తేలుతూ శబ్దాన్ని విమానానికి పంపే పరికరాలు) జారవిడిచారు. ఆ రాత్రి అలా విన్న శబ్దాల రికార్డింగులు అమెరికా జాతీయ ఆర్కైవ్స్‌లో దొరికాయి.

లంగరు:
జలాంతర్గామి అనే మాట తెలుగులో ఎప్పుడో స్థిరపడింది. పేపర్లన్నీ అదే రాస్తాయి. ఇప్పుడు మార్చక్కర్లేదు.

పదశోధన:
పేపర్లు రాసినంత మాత్రాన సరైనదైపోదు.

తీరంవాసి:
మైనస్ పెట్టి, 60తో భాగించి కొడితే అట్లాంటిక్ మధ్యలో వచ్చింది. మరి తేదీ? వీడియోలో చెప్పిన బంగారం మార్పిడి ఎక్కడ పెట్టాలి?

ఎనభైరెండున్నర:
తేదీ గొడవ గడియారం వల్ల. 1944 జూన్ 23 అర్ధరాత్రికి కాస్త ముందు మొదటి దాడి జరిగింది, రెండో విమానం అర్ధరాత్రి దాటాక, 24న వచ్చింది. అర్ధరాత్రి దాటిన పని కాబట్టి ఏ గడియారం చూస్తే ఆ తేదీ. జర్మన్ యూ-బోటు (సబ్‌మెరీన్) ప్రపంచంలో ఏ మూల ఉన్నా డైరీ జర్మన్ టైములోనే రాసేది. మిత్రపక్షం కాగితాల్లో గ్రీనిచ్ టైమో, ఓడ ఉన్న మండలం టైమో ఉంటుంది. జపాన్ వాళ్లది టోక్యో లెక్క. ముందు ప్రతి కాగితం మీదా ఏ టైమో రాసుకోండి, అన్నిటినీ గ్రీనిచ్‌కి మార్చండి, ఆ తర్వాతే పోల్చండి. జర్మన్ వేసవి టైము అయితే రెండు గంటలు తీసేయాలి. మ్యాప్ మీద '1944 జూన్ 23–24 రాత్రి' అని వేయండి, ఎవరూ తప్పు పట్టలేరు.

పటాలపిచ్చి:
వీడియో సంగతి నేను చెబుతాను. అందులో రెండు వేరువేరు ప్రయాణాలను ఒకటి చేసేశారు. రెండింటిలోనూ రెండు టన్నుల బంగారం ఉండటంతో ఈ పొరపాటు తరచూ కనిపిస్తుంది.

జపాన్ సబ్‌మెరీన్ నుంచి జర్మన్ సబ్‌మెరీన్‌లోకి బంగారం మారిన మాట నిజమే. కానీ అది 1943 ఏప్రిల్ చివర్లో, మడగాస్కర్‌కి ఆగ్నేయంగా హిందూ మహాసముద్రంలో. ఐ-29 నుంచి యూ-180లోకి. బెర్లిన్‌లోని జపాన్ రాయబార కార్యాలయం కోసం పంపింది. ఆ కలయికలోనే ఏప్రిల్ 28న సుభాష్ చంద్రబోస్ యూ-180 దిగి రబ్బరు తెప్ప మీద ఐ-29కి మారారు. ఆయన వెంట ఉన్నది మన హైదరాబాదు వాడు ఆబిద్ హసన్. సముద్రం అల్లకల్లోలంగా ఉండి వాళ్లు మారడానికే ఎదురుచూడాల్సి వచ్చింది. ఆ బంగారం యూ-180తో 1943 జులై మొదట్లో ఫ్రాన్స్‌లోని బోర్డో చేరింది. మునగలేదు, అర్జెంటీనా పోలేదు.

ఐ-52 ఏడాది తర్వాతి కథ. అది అట్లాంటిక్‌లో యూ-530ని కలిసింది. అక్కడ సరుకు ఐ-52 నుంచి రాలేదు, యూ-530 నుంచే ఐ-52లోకి పోయింది: ఇంధనం, రాడార్‌ని పసిగట్టే పరికరం, దాన్ని నడిపే ఇద్దరు, ఒక సంధాన అధికారి (రెండు పక్షాల మధ్య మాట అందించేవాడు). ఐ-52 పోతున్నది ఫ్రాన్స్ తీరంలోని లోరియాకి. బంగారం చేరాల్సింది అక్కడికే. యూ-530 పోతున్నది ఎదురు దిక్కుకి, ట్రినిడాడ్ వైపు. తూర్పుకి చేరాల్సిన పెట్టెలను పడమటికి పోయే పడవలోకి ఎందుకు ఎక్కిస్తారు? 146 కడ్డీల్లో ఒక్కొక్కటి పదమూడున్నర కిలోల పైన. పెట్టెకి మూడు కడ్డీలేసుకుంటే నలభై కిలోలు, అలాంటివి 49, చీకట్లో, రబ్బరు తెప్ప మీద. అవతల అమెరికా విమానవాహక నౌక బోగ్ వాళ్ల కోసమే వస్తోంది, సంకేతాలు విప్పి ఈ కలయిక గురించి ముందే తెలుసుకున్నారు.

అదే యూ-530 1945 జులై 10న అర్జెంటీనాలో మార్ డెల్ ప్లాటాకి వచ్చి లొంగిపోయింది. ఆ ఒక్క ముక్క పట్టుకుని వీడియో వాళ్లు ఐ-52 బంగారాన్ని దానికి తగిలించారు. మధ్యలో కమాండర్ కూడా మారాడు, 1944లో కుర్ట్ లాంగె, 1945లో ఒట్టో వెర్ముట్.

కాబట్టి మీ మ్యాప్‌లో ఐ-52 దగ్గర 'బంగారం మారిన చోటు' అని గుర్తు పెట్టకండి. ఆ గుర్తు కావాలంటే 1943 తేదీతో మడగాస్కర్ ఆగ్నేయానికి జరపండి.

తెరచాప:
బంగారం బంగారం అంటారు గానీ అసలు పట్టించుకోవాల్సింది పాదరసం. నార్వేలో ఫెడ్యే దీవి దగ్గర యూ-864 మునిగి ఉంది, 1945 ఫిబ్రవరి 9న. జపాన్‌కి తీసుకెళ్తున్న 67 టన్నుల పాదరసం, 1,857 ఉక్కు సీసాల్లో. సముద్రపు నీటికి ఉక్కు తుప్పు పడుతోంది. 2003లో నార్వే నౌకాదళం కనిపెట్టింది, లోతు 150 మీటర్లే. లాగితే సీసాలు పగలవచ్చు, వదిలేస్తే కారుతుంది. దానిమీద ఇసుక కప్పాలా, పైకి తీయాలా అని ఏళ్లు వాదించుకున్నారు. దీని మీద వీడియో చేస్తే ఎవరికైనా ఉపయోగం.

లంగరు:
ప్రశ్న ఐ-52 గురించి.

తెరచాప:
తెలుసండీ. ఐ-52 మీద కూడా చెప్పాల్సింది ఉంది. దాంతో పాటు పోయినవాళ్లు 112 మంది. అది యుద్ధనౌక. యుద్ధనౌక మునిగి ఎన్నేళ్లయినా ఆ దేశం వదులుకున్నట్టు కాదు. కనిపెట్టినవాడిది అయిపోదు. కనిపెట్టిన పాల్ టిడ్‌వెల్ కూడా జపాన్ ప్రభుత్వంతో మాట్లాడుకోవాల్సి వచ్చింది. నీటి అడుగు వారసత్వం మీద 2001 యునెస్కో ఒప్పందం వర్తించేది నూరేళ్లు నీటిలో ఉన్నవాటికి, కాబట్టి ఇది ఇంకా దాని కిందికి రాదు. మ్యాప్ మీద 'నిధి' అని రాసే ముందు సమాధి అని గుర్తుంచుకోండి.

తీరంవాసి:
బంగారం బయటికి తీశారా మరి?

పటాలపిచ్చి:
లేదు. 1995 మేలో కనిపెట్టారు, లోతు 5,240 మీటర్లు. నేవీ కాగితాల్లో రాసిన చోటునే నమ్ముకోకుండా, ఆ రాత్రి ఓడల లాగ్‌బుక్కుల్లోని వేగం, దిశ, టైము పట్టుకుని దారులన్నీ మళ్లీ లెక్కగట్టి వెతికే చోటు నిర్ణయించుకున్నారు. 1998లో రష్యన్ ఓడ కెల్దిష్, మీర్ సబ్‌మెర్సిబుళ్లతో (లోతుకి మనుషుల్ని తీసుకెళ్లే చిన్న పడవలు) మళ్లీ దిగారు. పైకి తెచ్చిన పెట్టెలో నల్లమందు ఉంది, కడ్డీలు కాదు.

తీరంవాసి:
ఇంకొకటి. యూ-530 స్థానం జర్మన్ కాగితాల్లో రెండు అక్షరాలు, నాలుగు అంకెలుగా ఉందట. దాన్ని ఎలా మార్చాలి?

ఎనభైరెండున్నర:
అది జర్మన్ నౌకాదళపు చదరాల పటం. రెండు అక్షరాలు పెద్ద చదరం, వైపు 486 నాటికల్ మైళ్లు. నాలుగు అంకెల్లో ప్రతి అంకె ముందు చదరాన్ని తొమ్మిది గళ్లుగా కోస్తుంది, పైన 1 2 3, మధ్య 4 5 6, కింద 7 8 9. అందుకే సున్నా ఎప్పుడూ రాదు. సున్నా కనిపిస్తే ఎవరో తప్పుగా ఎత్తిరాశారన్నమాట. గళ్ల వైపులు వరసగా 162, 54, 18, 6 మైళ్లు.

ఉదాహరణకు 4587. 4 అంటే ఒక వరస కిందికి, 162. 5 అంటే కిందికి 54, తూర్పుకి 54. 8 అంటే కిందికి 36, తూర్పుకి 18. 7 అంటే కిందికి 12. మొత్తం దక్షిణానికి 264, తూర్పుకి 72. గడి మధ్యకు రావాలంటే చెరో 3 కలపండి: 267, 75. ఇది పెద్ద చదరం వాయవ్య మూల నుంచి. 267 మైళ్లంటే 4 డిగ్రీల 27 నిమిషాలు దక్షిణానికి. తూర్పు మైళ్లను మాత్రం ఆ అక్షాంశం కొసైన్‌తో భాగించి నిమిషాలు చేయాలి. తీరాల దగ్గర గళ్లు ఒక్కలా ఉండవు, అక్కడ పాత పటం చూడాల్సిందే. ఎంత బాగా లెక్కగట్టినా వచ్చేది ఆరు మైళ్ల గడి, చుక్క కాదు. కాబట్టి పిన్ను కాకుండా చదరం గీయండి.

ఇంతకీ మీ దగ్గరున్న ఆ రెండు అక్షరాలు ఏమిటి? అవి లేకుండా మూల ఎక్కడో తెలియదు.

పదశోధన:
'గడి' అనాలా 'చదరం' అనాలా? పెద్దదానికి ఒకటి, చిన్నదానికి ఒకటి వాడితే చదివేవాళ్లకి తేలిక.

తీరంవాసి:
మైనస్‌తో పని అయిపోయింది, థాంక్సండీ అందరికీ. అక్షరాలు రాత్రి చూసి పెడతా.

లంగరు:
60తో భాగించిందే ఉంచారా, లేక మైనస్ ఒక్కటే పెట్టారా?