అప్‌డేట్: బొంగరాలకు అంకుడు కర్రే తెచ్చాను

మా పాపకి గిలక్కాయ, బొంగరాలు లేత్ (చెక్కను తిప్పుతూ చెక్కే యంత్రం) మీద చేయడానికి టేకు మంచిదా, అంకుడు మంచిదా అని అడిగాను కదా. ఎక్కువమంది అంకుడే అన్నారు. అదే తెచ్చాను, చాలా సంతోషంగా ఉంది.

వెడల్పాకుల చెట్టు కాబట్టి శాస్త్రం లెక్కన ఇదీ హార్డ్‌వుడ్డే (గట్టి కర్ర రకమే), కానీ ఉలికి మెత్తగా లొంగుతుంది. తెల్లటి చెక్క, పోగు సన్నం, అంచులు రేగవు. అసలు అందం లక్క దగ్గర తెలిసింది. తిరుగుతున్న చెక్కకు రంగు లక్క ఒత్తితే రాపిడి వేడికే కరిగి పట్టేస్తుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే భలే మెరుపు! ఏటికొప్పాక కళాకారులు ఈ కర్రనే ఎందుకు నమ్ముకున్నారో అర్థమైంది. వాళ్ల బొమ్మలకు 2017లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది.

తెల్ల పొనికి కర్ర వాడమన్న అన్నగారికి: అది ఇంకా తేలిక, కొండపల్లి వాళ్లలా చేత్తో చెక్కే బొమ్మలకు బాగుంటుంది. లేత్ పనికి మాత్రం నా ఓటు అంకుడుకే. పచ్చి కర్రను నీడలో బాగా ఆరనివ్వండి, లేకపోతే పగుళ్లిస్తుంది. కుర్చీలు, మంచాలకైతే టేకే.