తిమ్‌కత్ పండుగకు ఇథియోపియా ప్రయాణం: భోజనం, ఆచారాల విషయమై సలహా కావాలి

శుద్ధ శాకాహారి అయిన మా అమ్మగారిని వెంటబెట్టుకుని, యేసు బాప్తిస్మాన్ని స్మరిస్తూ జనవరి 19న జరిగే తిమ్‌కత్ పండుగ చూడటానికి ఇథియోపియాలోని లాలిబెలా వెళ్లాలనుకుంటున్నాను. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లో మాంసం, పాలు, గుడ్లు ముట్టరు కనుక, ఆ రోజుల్లో ఇంజెరా (పులిసిన పిండితో చేసే దోసెలాంటి రొట్టె) మీద పప్పులూ కూరగాయలూ వడ్డించే భోజనం సులువుగానే దొరుకుతుందని తెలుసు. మిగతా రోజుల్లో హోటల్‌లో ఏమని అడగాలి, షిరోలో (శనగపిండితో చేసే కూరలో) మాంసం కలపలేదని ఎలా నిర్ధారించుకోవాలి?

లాలిబెలాలో రాతిని తొలిచి చేసిన 11 చర్చిల్లోకి చెప్పులు విడిచి వెళ్లాలట. ఆడవారు చీర మీద తెల్లని నెతెలా (పలుచని నూలు శాలువా) కప్పుకుంటే సరిపోతుందా? ఎవరైనా ఇంటికి పిలిచి మూడు విడతలుగా కాఫీ ఇస్తే, మూడో విడత తాగకుండా లేవడం మర్యాద కాదంటారు. అమ్మకు కాఫీ పడదు, ఆ మాట నొప్పించకుండా ఎలా చెప్పాలి?

అన్నిటికన్నా ముఖ్యంగా, లాలిబెలా ఉన్న అమ్హారా ప్రాంతంలో 2023 నుంచి సాయుధ ఘర్షణలు జరుగుతున్నందున, ఇటీవల వెళ్లి వచ్చినవారు అక్కడి పరిస్థితి తెలియజేయగలరని ప్రార్థన.