మనసు తేరుకునే నవలల్లో ఇల్లు ఎలా గడిచింది? – ఒక చర్చ

హంద్రీ ఒడ్డు (కర్నూలు):

కర్నూలులో మేము ఆరుగురు స్త్రీలం నెలకొక ఆదివారం కలుసుకుని, అందరం చదివిన ఒక నవల గురించి మాట్లాడుకుంటాము. ఈ ఏడాది మేము ఎంచుకున్నవన్నీ ఇప్పటి రచయిత్రులు ప్రేమ, స్నేహం, గాయపడిన మనసు తేరుకోవడం అనే విషయాల మీద రాసిన నవలలే. వాటిని ఇష్టంగానే చదివాము. అయితే నాలుగైదు పూర్తయ్యేసరికి వాటి మధ్య ఒక పోలిక కనిపించసాగింది. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసుకునే అమ్మాయిని ప్రేమించినవాడో కట్టుకున్నవాడో మోసం చేస్తాడు. ఆమె అన్నీ వదులుకుని పుట్టిన ఊరు చేరుతుంది. అక్కడ చిన్ననాటి స్నేహితురాలు ఆమెను పొదువుకుంటుంది. కొన్నాళ్లకు ఒక మంచి మనిషి పరిచయమవుతాడు. చివరి పేజీలో ఆమె మళ్లీ నవ్వుతుంది.

పోయిన నెల మాలో కుట్టుపని చేసుకునే అక్క పుస్తకం మూసి ఒక్క మాట అడిగింది: "ఎనిమిది నెలలు ఈ పిల్ల పనీపాటా లేకుండా ఇంట్లోనే ఉండాది గదా, ఇల్లు ఎట్ల గడిచిందో యాడా రాయలేదేమి?" మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ రోజు చర్చ కాస్త గొడవగానే ముగిసింది కాబట్టి, ఆ ప్రశ్నను ఇక్కడికి తెస్తున్నాను.

నా అభిప్రాయం దాచుకోను. ఈ నవలలు తెలియకుండానే ఒక అబద్ధం చెబుతున్నాయి. బాధ ఆమె మనసులోనే పుట్టినట్టు, మనసు మారితే అదే పోయినట్టు చూపుతున్నాయి. బాధకు కారణమైన అత్తింటి పద్ధతి, తీరని కట్నం బాకీ, ఆమె పేరు మీద సెంటు భూమి కూడా లేకపోవడం మొదటి పేజీలో ఎలా ఉన్నాయో చివరి పేజీలోనూ అలాగే ఉంటాయి. పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇస్తూ మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది. 2005లో కేంద్ర చట్టమే మారి కూతుళ్లందరికీ ఆ హక్కు వచ్చింది. అయినా పెళ్లికి పెట్టిన ఖర్చుతో చెల్లుకు చెల్లని చెప్పి, వాటా వద్దని కూతురి చేత సంతకం పెట్టించుకున్న ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి. నవలలోని పుట్టిల్లు మాత్రం ఎప్పుడు వెళ్లినా తలుపులు బార్లా తెరిచి ఉంటుంది.

పెన్నా ఇసుక (ప్రొద్దుటూరు):

అమ్మా, మీ ప్రశ్నలో న్యాయం ఉంది గానీ, అబద్ధమన్న మాటను నేను ఒప్పుకోలేను. మా అమ్మ అయిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. 1970లలో వారపత్రికల్లో వచ్చే రచయిత్రుల సీరియళ్లను వారం వారం చించి, దబ్బనంతో రంధ్రాలు చేసి, దారం గుచ్చి పుస్తకాలుగా కుట్టుకునేది. యద్దనపూడి సులోచనారాణి గారి నవలల కోసం మా వీధిలో ఇంటింటికీ వంతులుండేవి. వాటిలోని నాయకుడి వంటి మనిషి మా ఊళ్లో లేడని, ఉండబోడని మా అమ్మకు తెలియదా? బాగా తెలుసు. ఆమె చదివింది అతని కోసం కాదు. ఆ అమ్మాయి తలెత్తి "నాకు అక్కర్లేదు" అనే చోటు కోసం చదివింది. ఆత్మాభిమానం అనే మాట మా ఇంట్లోకి వచ్చింది ఆ పేజీల వల్లనే. మా నాన్న చేయి చేసుకోబోయిన ఒక రాత్రి ఆమె ఆ మాటే అన్నది. చాపమీద పడుకుని నేను విన్నాను.

కథ చదివినంత మాత్రాన బతుకు మారదని అనేవారికి మరొక సంగతి గుర్తు చేస్తాను. మన పక్క జిల్లా నెల్లూరులోని దూబగుంటలో, అక్షరాలు నేర్చుకుంటున్న స్త్రీలు తమ వాచకంలోని ఒక కథ చదివి సారా దుకాణాన్ని మూయించారు. అక్కడ రాజుకున్న ఉద్యమం వల్లనే 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ కథ దుఃఖంతో ఆగిపోయి ఉంటే ఆ స్త్రీలు లేచేవారా? గెలుపును ముందు కాగితం మీద చూశారు కాబట్టే, అది తమ ఊళ్లో కూడా సాధ్యమని నమ్మారు.

హంద్రీ ఒడ్డు (కర్నూలు):

మీ అమ్మగారి సంగతి చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. కానీ దూబగుంట ఉదాహరణ నా వాదననే బలపరుస్తున్నదని నాకనిపిస్తోంది. ఆ వాచకంలోని స్త్రీలు ఒకరి ఒడిలో ఒకరు తల పెట్టుకుని ఏడ్చి ఊరుకోలేదు. కలిసి వెళ్లి బాధకు కారణమైన దుకాణం ముందు నిలబడ్డారు. నేను అడుగుతున్నదీ ఆ స్నేహమే. ఇప్పటి నవలల్లో స్నేహితురాలు టీ పెట్టి ఇస్తుంది, జుట్టు నిమురుతుంది, చక్కటి మాటలు చెబుతుంది. ఆమెతో పాటు కోర్టు మెట్లెక్కదు, పోలీసు స్టేషనులో బల్ల మీద పక్కన కూర్చోదు.

వేరుశనగ చేను (కళ్యాణదుర్గం):

నేను ప్రభుత్వ బడిలో తెలుగు చెబుతాను. మీ ఇద్దరి మధ్యా తగవు ముగింపు గురించి జరుగుతోంది. నాకు మాత్రం లోపం నడుమ భాగంలో ఉందనిపిస్తోంది.

అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అదీ పడిన ఏడాది. వేరుశనగ ఎండిపోయిన ఏట మగవాడు పని వెతుక్కుంటూ బెంగళూరు బస్సెక్కుతాడు. అప్పుపత్రం, ముసలి అత్తమామలు, పశువులు, పిల్లలు ఆడమనిషికి మిగులుతారు. నా తరగతిలోని పిల్లల తల్లుల్లో సగం మంది బతుకు ఇదే. వాళ్లకు ప్రేమ లేదనుకోవద్దు. భర్త ఫోను కోసం రాత్రి తొమ్మిదింటికి సిగ్నల్ అందే మిద్దె మీదికెక్కి కూర్చునే ఆమెను నేను ఎరుగుదును. ఆ ఫోను రావడం తగ్గిపోయినప్పుడు ఆమె పడిన బాధ ఏ నగర నాయిక బాధకూ తీసిపోదు. అయితే ఆ బాధ ఎనుము పాలు పితికేటప్పుడు, పిల్లవాడి చొక్కాకు గుండీ కుట్టేటప్పుడు, సంఘం కంతు కట్టే రోజున వంద రూపాయలు తక్కువైనప్పుడు, మధ్య మధ్యలో ముక్కలు ముక్కలుగా వస్తుంది. తేరుకోవడం కూడా అలాగే ముక్కలుగానే జరుగుతుంది. ఒకరోజు పక్కింటి వదిన ఆ వంద రూపాయలు తనవి వేసి, ఎవరికీ చెప్పదు. నవలకు కావలసిన స్నేహం ఇదని నేననుకుంటాను, ఎందుకంటే ఆ వంద రూపాయలు వదిన ఇంట్లో ఒక పూట కూర తగ్గితే గాని రావు.

స్నేహానికి అయ్యే ఖర్చును చూపని నవల ఎంత చక్కగా ముగిసినా నన్ను కదిలించదు. ఆ ఖర్చు కనిపిస్తే చివరి పేజీలోని నవ్వును నేను మనసారా నమ్ముతాను.

అలా నమ్మించిన రచన ఒకటి చెబుతాను. ఓల్గా గారి 'విముక్త' కథల సంపుటికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అందులోని ఒక కథలో, లవకుశులతో వాల్మీకి ఆశ్రమంలో ఉంటున్న సీత అడవిలో శూర్పణఖను కలుసుకుంటుంది. రామాయణం ఆ ఇద్దరినీ శత్రువులుగా నిలబెట్టింది. ముక్కు చెవులు కోల్పోయిన శూర్పణఖ ఇప్పుడు ఒక అందమైన తోటను పెంచుకుంటోంది. ఆమె తేరుకున్నది ఒక్క రాత్రిలో కాదు, ఒకరి ఓదార్పు మాటతోనూ కాదు. రూపమంటే ఏమిటో, అందమంటే ఏమిటో తనలో తాను చాలాకాలం పెనుగులాడి, మట్టిలో చేతులు పెట్టి పనిచేసి తేరుకుంది. ప్రేమించే తోడు కూడా ఆమెకు దొరుకుతాడు, కానీ ఆమె నిలబడింది అతని వల్ల కాదు. ప్రేమ, స్నేహం, మనసు తేరుకోవడం మూడూ ఆ చిన్న కథలో ఉన్నాయి. అందులో ఎవరూ పాఠకురాలిని మోసం చేయలేదు.

బురుజు నీడ (కర్నూలు):

నేను మానసిక సలహాదారుగా పనిచేస్తున్నాను. నా అభ్యంతరం పైవాటికన్నా వేరు, నా దృష్టిలో ఎక్కువ అవసరమైనది కూడా. ఈ నవలల్లో కొన్ని దుఃఖానికీ జబ్బుకూ తేడా చూపడం లేదు. నెలల తరబడి నిద్రపోని, తిండి మానేసిన, చావు గురించి ఆలోచిస్తున్న స్త్రీని ఒక స్నేహితురాలు వారం రోజుల్లో మామూలు మనిషిని చేసినట్టు రాస్తే, అది చదివిన మరొకామె తన మందులు ఆపేసే ప్రమాదం ఉంది. నా దగ్గరికి అలా వచ్చినవారు ఉన్నారు. స్నేహితురాలు చేయగలిగిన గొప్ప పని, ఆసుపత్రికి తోడు రావడం. అది రాస్తే నవల రుచి తగ్గుతుందని నేననుకోను. ఇది చదువుతున్నవారిలో ఎవరికైనా అవసరమైతే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు తీసుకోరు.

అలాగని కథలకు శక్తి లేదని అనడం లేదు. 1986లో అమెరికాలో పెన్‌బేకర్ అనే శాస్త్రవేత్త, తన సహచరురాలితో కలిసి ప్రచురించిన ఒక పరిశోధనలో, విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు పావుగంట చొప్పున, తమ బతుకులోని అతి పెద్ద గాయం గురించి రాయించారు. జరిగినదాన్నీ, దాని గురించి తమకు కలిగిన భావాలనూ కలిపి రాసినవారు ఆ తర్వాతి నెలల్లో వైద్యశాలకు తక్కువగా వెళ్లారు. రాసిన వెంటనే మాత్రం వాళ్ల మనసు తేలికపడలేదు, ఇంకా బరువెక్కింది. మన నవలల్లో కనిపించనిది ఆ బరువెక్కే దశే. తన బాధను మొదటిసారి బయటికి చెప్పిన స్త్రీ మర్నాడు సంతోషంగా లేవదు. చెప్పినందుకు సిగ్గుపడుతుంది, విన్న స్నేహితురాలి ఎదుటపడకుండా తప్పించుకుంటుంది. ఎందరిలోనో ఇది చూశాను.

పెన్నా ఇసుక (ప్రొద్దుటూరు):

సలహాదారు గారి మాట శిరోధార్యం. అయినా ఒక విన్నపం. మన సీమ స్త్రీ తెలుగు తెర మీద ఎన్నేళ్లుగా ఎలా కనిపిస్తోందో గుర్తు చేసుకోండి. కత్తివేటుకు కొడుకును పోగొట్టుకున్న తల్లి, పగ తీరేదాకా బొట్టు పెట్టుకోనని శపథం చేసిన వితంతువు, రెండు ఇళ్ల రాజీ కోసం పెళ్లిపీటల మీద కూర్చోబెట్టిన పిల్ల. ఈ ముగ్గురే. మా ప్రొద్దుటూరులో బంగారు అంగడిలో లెక్కలు రాసుకుంటూ, సాయంత్రం స్నేహితురాలితో కలిసి బొరుగులు తింటూ, తనను వదిలి వెళ్లినవాడి గురించి ఏడ్చి నవ్వే మామూలు అమ్మాయి కథ ఎక్కడుంది? అటువంటి కథ కొంచెం తీయగా ముగిసినా నేను తప్పు పట్టను. మాకు ఇంతవరకు ఆ తీపి అందలేదు.

చెయ్యేరు (రాజంపేట):

ఇంతవరకు చదువుతూ వచ్చాను, రాయాలా వద్దా అని ఆలోచించాను. మా అమ్మ పదకొండేళ్లు కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేసింది. మా వైపు ఇది వింతేమీ కాదు. మా వీధిలోనే నలుగురు వెళ్లారు. అక్కడ ఆమెకు గోదావరి జిల్లా నుంచి వచ్చిన మరొక స్త్రీతో స్నేహం కుదిరింది. ఇద్దరి ఇళ్లూ దూరం. ఏడాదికి రెండు మూడు సార్లకన్నా కలుసుకోలేదు. శుక్రవారం రాత్రి పని ముగిశాక ఫోను కార్డులో మిగిలిన నిమిషాలను మాకూ ఆమెకూ పంచేది. చిన్నప్పుడు నాకు ఆమె మీద అసూయగా ఉండేది, మా అమ్మ నిమిషాలను తినేస్తోందని.

తిరిగి వచ్చాక అమ్మకు కళ్లు మసకబారాయి, అందుకని నేనే నవలలు చదివి వినిపిస్తాను. హంద్రీ ఒడ్డు అక్క చెప్పిన పోలికలో ఉన్న నవలే ఒకటి మొన్న చదివాను. నాయిక గది తలుపు వేసుకుని మూడు రోజులు ఏడ్చే ఘట్టం దగ్గర అమ్మ నన్ను ఆపి, "ఈ పాపకు ఏడ్చుకునేదానికి ఒక గది ఉండాది గదమ్మా" అంది. కోపంగా అనలేదు. ఆ గదిని చూసి నిజంగా సంతోషించినట్టే అంది. ఆ తర్వాత, తాను ఆ పదకొండేళ్లలో స్నానాలగదిలో కొళాయి తిప్పి ఏడ్చేదాన్నని, నీళ్లు వృథా చేస్తోందని ఆ ఇంటావిడ తిట్టేదని మొదటిసారిగా చెప్పింది. మర్నాడంతా నాతో సరిగా మాట్లాడలేదు. అది ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. బురుజు నీడ గారి మాటలు చదివాక అర్థమైంది.

హంద్రీ ఒడ్డు (కర్నూలు):

చెల్లెమ్మా, మీ అమ్మగారి మాటను నిన్న సాయంత్రం మా కుట్టుపని అక్కకు చదివి వినిపించాను. ఆమె కుట్టుమిషను ఆపి, కళ్లు తుడుచుకుని, మళ్లీ తొక్కింది. నేను ముగింపును అబద్ధమన్నాను. ఆ మాటను వెనక్కు తీసుకుంటున్నాను. నడుమ భాగంలో ఏం రాయలేదో చూడమన్న కళ్యాణదుర్గం మేడం గారి మాట సరైనది. అయితే భూమి, ఇల్లు ఎవరి పేరు మీద ఉన్నాయన్న ప్రశ్నను మాత్రం వదలను, ఎందుకంటే ఏడ్చుకోవడానికి గది కావాలంటే ముందు ఇల్లు కావాలి. మీ అమ్మగారి కథను, ఆ గోదావరి స్నేహితురాలి కథను మీరే రాయండి. మా ఆరుగురం చదువుతాము. కుట్టుపని అక్క మొదట ఏం అడుగుతుందో మీకు తెలుసు కదా.

చెయ్యేరు (రాజంపేట):

తెలుసక్కా. ఇల్లు ఎట్ల గడిచిందని అడుగుతుంది. మొదటి రెండేళ్లు అమ్మ పంపిన డబ్బు ఏజెంటు కోసం చేసిన అప్పుకే పోయింది. ఆ రెండేళ్లూ మా అవ్వ నిమ్మతోటల్లో కాయలు ఏరే కూలికి పోయి మమ్మల్ని సాకింది. తర్వాతి డబ్బుతో నా చదువు, అక్క పెళ్లి, చివర మూడు గదుల మిద్దె. పోయిన సంక్రాంతికి ఆ గోదావరి పెద్దమ్మ కాజాల పొట్లంతో మా ఇంటికి వచ్చింది. ఇద్దరూ వెనక గదిలో కూర్చుని మధ్యాహ్నమంతా వేరుశనక్కాయలు వలిచారు, పది మాటలు కూడా మాట్లాడుకోలేదు. ఆ గది ఉన్న ఇల్లు మా నాన్న పేరు మీద ఉంది. అది మొదటి అధ్యాయంలోనే రాస్తాను.