ఆంధ్రా రేషన్ కార్డుతో ఒడిశా బరంపురంలో బియ్యం ఇస్తారా, ఇవ్వరా?

తీరంగాలి: మా వీధిలో గిన్నెలు తోమే ఆవిడ మెట్టినిల్లు ఇచ్ఛాపురం. భర్త పోయాక ఇద్దరు పిల్లలతో ఇక్కడ పుట్టింటికి వచ్చేసింది. కార్డు అక్కడిదే. ఇక్కడి డీలరు ‘ఆంధ్రా కార్డు మాకు చెల్లదు’ అని రెండుసార్లు ఉత్త సంచితో తిప్పి పంపాడు. దారేదైనా ఉందా?

పెద్దబజారు: చెల్లకపోవడమేటండీ! ‘ఒకే దేశం ఒకే రేషన్ కార్డు’ 2019లో మొదలైంది. ఆధార్ కలిపి ఉంటే ఏ రాష్ట్రంలోనైనా మిషను మీద వేలు పెట్టి తీసుకోవచ్చు. కాకపోతే అది 2013 ఆహార భద్రత చట్టం కింద వచ్చిన కార్డై ఉండాలి. రాష్ట్రం సొంత ఖర్చుతో ఇచ్చే కార్డు సరిహద్దు దాటదు. ముందు అది తేల్చుకోండి.

సోంపేట అల్లుడు: ఇచ్ఛాపురం ఎంత దూరం? నెలకోసారి వెళ్లి తెచ్చుకోలేదా?

పెద్దబజారు: వెళ్తే ఆ రోజు నాలుగిళ్ల పని పోతుంది. తలకి 5 కేజీలు, ముగ్గురికి 15. ఆ మూట మోసుకుని బస్సెక్కాలి.

సోంపేట అల్లుడు: 15 కేజీలు ఊరికే వస్తుంటే బస్సు చార్జీ లెక్కా?

ఉప్పుమడి: ఈలోగా పిల్లలకి భోజనం? ఒడిశా ప్రభుత్వం నడిపే ఆహార్ కేంద్రంలో 5 రూపాయలకి అన్నం, డాల్మా (కూరగాయల పప్పు) పెడతారు. 2015 ఏప్రిల్ 1న మొదలైనప్పుడే బరంపురంలోనూ పెట్టారు. కార్డు అడగరు.

సోంపేట అల్లుడు: చార్జీ సంగతికి జవాబు రాలేదు.

పెద్దబజారు: మీకు చార్జీయే కనిపిస్తోంది, ఆకలి కనిపించడం లేదు.

సోంపేట అల్లుడు: ఆకలి గురించి నాకు చెప్పకండి! మా అన్నయ్య అటువైపు కార్డు చేయించుకుంటూ అమ్మ పేరు కూడా ఎక్కించాడు. డబుల్ అని ఇక్కడ ఆవిడ పేరు కొట్టేశారు. అక్కడి బియ్యం వాడు అమ్ముకున్నాడు. అమ్మ పదకొండు నెలలు కొనుక్కు తింది. రెండువైపులా తినేవాళ్ల వల్ల నష్టపోయేది ఇలాంటి ముసలివాళ్లే.

పెద్దబజారు: మీ అమ్మగారికి జరిగింది అన్యాయమే. కానీ అది మీ అన్నయ్య చేసిన పని. ఈవిడకి ఉన్నది ఒక్క కార్డు. ఇక్కడ తీసుకున్నంతా అక్కడి లెక్కలోనే తగ్గుతుంది, రెండోసారి రాదు.

తీరంగాలి: నిన్న వేరే డిపోకి తీసుకెళ్లాను. కార్డు మంచిదే, మిషన్లో పేర్లు కనిపించాయి. వేలే పడలేదు. బూడిదా సబ్బూ తగిలి తగిలి బొటనవేలు నున్నగా అరిగిపోయింది. కొంగుతో తుడిచి, కొబ్బరినూనె రాసి, నాలుగుసార్లు నొక్కింది. వెనక లైను గోల. చివరికి పెద్దపిల్ల చేత పెట్టిస్తే పడింది.

ఉప్పుమడి: కార్డులో పేరున్న ఎవరి వేలైనా సరే. అసలు వేలు పడలేదని బియ్యం ఆపొద్దని కేంద్రం 2017లోనే రాష్ట్రాలకి రాసింది. ఆపితే 1967కి ఫోన్ చెయ్యండి.

సోంపేట అల్లుడు: ఎన్ని కేజీలు ఇచ్చారు?

తీరంగాలి: 20.

సోంపేట అల్లుడు: అంటే చనిపోయినాయన పేరు ఇంకా ఉంది. నేను మొత్తుకునేది ఇదే. ఎవరైనా పితూరీ పెడితే మొత్తం కార్డే ఆగిపోతుంది.

పెద్దబజారు: మొగుడు పోయి మూడు నెలలైనా కాలేదేమో. ఆ 5 కేజీలకి ఆవిణ్ని దొంగని చేస్తారా?

సోంపేట అల్లుడు: దొంగ అనలేదు. మా అమ్మని కూడా ఎవరూ దొంగ అనలేదు, పేరు మాత్రం కొట్టేశారు. తీరంగాలి గారూ, మరణ ధ్రువపత్రం ఉందా?

తీరంగాలి: ఉంది, ఆయన పోయింది ఇక్కడి ఆసుపత్రిలోనే. కార్డున్న ఊరి సచివాలయంలో ఇవ్వాలట. ఒక్కర్తే వెళ్లడానికి భయపడుతోంది. అత్తవారు మాట్లాడరు.

సోంపేట అల్లుడు: సోమవారం నేను అటే వెళ్తున్నాను, మా ఆవిడ కూడా వస్తుంది. ఎనిమిదింటికి బస్టాండుకి రమ్మనండి. ఒరిజినల్, రెండు జిరాక్సులు మరిచిపోవద్దు.