హ్యూస్టన్‌లో తాగే ఫో, హనోయ్‌లో దొరికే ఫో ఒకటేనా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి ప్లీజ్

శనివారం_ఫో:
అందరికీ నమస్తే. హ్యూస్టన్‌లో బెల్లైర్ వైపు ఒక వియత్నాం హోటల్ బాగా అలవాటైపోయింది నాకు, శనివారం వచ్చిందంటే ఫో (నూడుల్స్ వేసిన వియత్నాం పులుసు) పడాల్సిందే, చికెన్‌దే లెండి, బీఫ్ ముట్టను. పక్కన ప్లేటు నిండా మొలకలు, తులసి లాంటి ఆకు, నిమ్మచెక్క, పచ్చిమిర్చి ఇస్తారు కదా, అవన్నీ తుంచి పడేసి పైన ఆ నల్ల తీపి సాసు, ఎర్ర కారం సాసు రెండూ పిండుకుని తాగుతా. ఇప్పుడు టికెట్లు తీసేశాం, హనోయ్‌లో దిగి హోయ్ ఆన్, ఆఖర్న సైగాన్ (ఇప్పటి హో చి మిన్ సిటీ), మొత్తం పది రోజులు. ఇక్కడి రుచే అక్కడా ఉంటుందా? ఇంకోటి, మా ఆవిడ వెజ్, గుడ్డు వరకూ ఓకే. పది రోజులు అరటిపళ్లతో నెట్టుకురావాలా అని ఇప్పటికే మొదలెట్టింది 😅

గిన్నె_నాకేస్తా:
బ్రో ముందే చెప్తున్నా, హనోయ్‌లో మొదటి రోజు డీలా పడతావ్. ఆ ఆకుల ప్లేటు రాదు. నువ్వు తాగేది సైగాన్ వైపు ఫో, ఎందుకంటే 1975లో యుద్ధం చివర్లో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ ఉత్తరం వాళ్ల చేతికి పోయాక అమెరికా వచ్చినవాళ్లలో ఎక్కువమంది దక్షిణాది వాళ్లే, వాళ్లు పెట్టిన హోటళ్లే హ్యూస్టన్‌లోనైనా కాలిఫోర్నియా లిటిల్ సైగాన్‌లోనైనా. అసలు ఫో పుట్టింది ఉత్తరాన, 1954లో దేశం రెండు ముక్కలైనప్పుడు ఉత్తరం నుంచి లక్షల మంది దక్షిణానికి తరలిపోయారు, వాళ్లతో పాటు ఫో కూడా వెళ్లి అక్కడ తీపి, ఆకులు, సాసులు అన్నీ తగిలించుకుంది. హనోయ్‌లో మాత్రం తేటగా ఉన్న పులుసు, ఉల్లికాడలు, నూడుల్స్, అంతే. టేబుల్ మీద వెల్లుల్లి వేసిన వెనిగర్, మిరపకాయలు ఉంటాయి, కావాలంటే ముంచుకోడానికి క్వాయ్ అని నూనెలో వేయించిన పొడుగు పిండి ముక్కలు అడుగు, అది మిస్ అవ్వకు. నేను తెలివి తక్కువగా తీపి సాసు ఉందా అని అడిగితే కొట్టు పెద్దావిడ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. మొదటి రెండు చెంచాలు చప్పగా అనిపిస్తుంది, మూడో చెంచాకి అల్లం, అనాసపువ్వు వాసన మెల్లగా పైకొస్తుంది, గిన్నె అయ్యేసరికి ఇన్నాళ్లూ సాసు తాగానా ఫో తాగానా అని డౌటొచ్చింది నాకు. పొద్దున్నే వెళ్లు, బాగా నడిచే కొట్లలో కుండ ఖాళీ అయితే మూసేసి వెళ్లిపోతారు. చికెన్‌ది కావాలంటే ఫో గా అనాలి, ఫో బో అంటే బీఫ్.

ఆకుకూరల_అక్క:
తమ్ముడూ మీ ఆవిడని కంగారు పడొద్దను, నేను పూర్తి వెజ్, రెండు వారాలు తిరిగి బరువు పెరిగి వచ్చా. అక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఒక్కటే, "చాయ్". టీ కాదు 😀 బౌద్ధుల శాకాహారాన్ని అలా అంటారు. బోర్డు మీద క్వాన్ చాయ్ అని కనిపిస్తే కళ్లు మూసుకుని వెళ్లిపోవచ్చు. చాంద్రమానం ప్రకారం నెలలో 1, 15 తేదీల్లో, అంటే దాదాపు మన అమావాస్య, పౌర్ణమి రోజుల్లో, మామూలు జనంలో కూడా చాలామంది మాంసం మానేస్తారు, ఆ రోజుల్లో చాయ్ కొట్లు కిటకిటలాడతాయి. మొదటిసారి వెళ్లినప్పుడు ప్లేట్లో అచ్చం మాంసం ముక్కల్లా ఉన్నవి చూసి లేచి వచ్చేయబోయా, తీరా అవి సోయాతో చేసినవి.

మామూలు హోటల్లో మాత్రం జాగ్రత్త, తూటికూర వేపుడు చూస్తే వెజ్జే కదా అనిపిస్తుంది కానీ అందులో చేపల సాసు వేసి ఉండొచ్చు. నోటితో చెప్పడం కంటే ఫోన్లో వాళ్ల భాషలో రాసి చూపించడం మేలు, ఆ భాషలో స్వరం కొంచెం మారితే అర్థమే మారిపోతుంది. బాన్ సియో అని పసుపు వేసిన బియ్యప్పిండి అట్టు ఉంటుంది, మామూలుగా రొయ్యలు, పోర్క్ పెడతారు, చాయ్ కొట్లో అయితే పుట్టగొడుగులతో దొరికింది, ఆకుల్లో చుట్టుకుని తినాలి, నేను మూడు సార్లు తిన్నా. గుడ్డు ఓకే అన్నారు కాబట్టి హనోయ్‌లో గుడ్డు కాఫీ తాగించండి, 1946లో పాలు దొరక్క న్గుయెన్ వాన్ జాంగ్ అనే హోటల్ ఉద్యోగి పచ్చసొన గిలక్కొట్టి కాఫీ మీద వేసి మొదలెట్టాడు. నీచు వాసన అస్సలు రాదు, స్వీటు తిన్నట్టే ఉంటుంది.

బెర్లిన్_బాబాయ్:
పైన తమ్ముడు చెప్పింది అమెరికా వరకూ కరెక్టే, ప్రాగ్ వెళ్తే కథ వేరు. సోషలిస్టు రోజుల్లో అక్కడికి చదువులకీ పనికీ వచ్చిన వియత్నాం వాళ్లలో ఉత్తరాది వాళ్లు ఎక్కువ, అక్కడ సాపా అనే వియత్నాం వాళ్ల మార్కెట్‌లో తింటే హనోయ్ పద్ధతే కనిపిస్తుంది. అయినా బయట దేశంలో దొరికేది నకిలీ, అక్కడిదే అసలు అనే మాట నేను ఒప్పుకోను, సైగాన్‌లోనూ ఆకులు, సాసులు వేసుకునే తింటారు, అదేం తప్పు కాదు. శనివారం గారూ, చేప తింటే హనోయ్‌లో చా కా వదలొద్దు, పసుపు పట్టించిన చేప ముక్కల్ని మీ ముందే పెనం మీద బోలెడు సోయికూర వేసి వేయిస్తారు. హోయ్ ఆన్‌లో అందరూ కావ్ లావ్ అనే నూడుల్స్ తినమంటారు, అందులో పోర్క్ ఉంటుంది, మీకు పడకపోతే కోమ్ గా అడగండి, పసుపు అన్నం మీద చీల్చిన చికెన్.

శనివారం_ఫో:
అక్కా మీ మెసేజ్ ఆవిడకి చదివి వినిపించా, అరటిపళ్ల టాపిక్ క్లోజ్ 🙏 బాబాయ్ గారూ పోర్క్ కూడా తినను, కోమ్ గా నోట్ చేసుకున్నా. బిల్లుల దగ్గర మోసాలేమైనా ఉంటాయా?

గిన్నె_నాకేస్తా:
మోసం అనను కానీ మనం అడక్కుండానే టేబుల్ మీద పెట్టే తడి టిష్యూ చింపితే కొన్నిచోట్ల బిల్లులో పడుతుంది, చిల్లరే అనుకో. మెనూలో 50కే అంటే 50 వేల డాంగులు (వాళ్ల కరెన్సీ). అసలు డేంజర్ మన చేతిలోనే ఉంటుంది, 20 వేల నోటు, 5 లక్షల నోటు రెండూ నీలమే. ఒక కాఫీకి నేను 5 లక్షలు ఇచ్చేసి దర్జాగా నడిచి వెళ్లిపోతుంటే ఆ కొట్టమ్మాయి వీధి చివరిదాకా పరిగెత్తుకొచ్చి చేతిలో పెట్టింది. రెండూ వేరే వేరే జేబుల్లో పెట్టుకో.