పదిహేడేళ్ల తమ్ముడితో ఈ మాట ఎలా ఎత్తాలి?

మా తమ్ముడికి లుకేమియా, అంటే రక్త క్యాన్సర్. ఎముక మజ్జ మార్పిడి చేశాక కూడా తిరగబెట్టింది. ఇక నయం చేసే చికిత్స లేదని డాక్టర్లు అమ్మానాన్నలకు చెప్పేశారు. ఇంట్లో వాడితో మాత్రం "కొత్త మందు వస్తోంది" అంటున్నారు. మొన్న రాత్రి వాడు "అక్కా, నా ఫోన్ లాక్ నీకు చెప్పి ఉంచనా?" అన్నాడు. ఎందుకురా అంటే ఊరికే అన్నాడు. ఈ సంగతి చెప్పగానే అమ్మ, "వాడి దగ్గర ఆ మాటలెత్తితే ఊరుకోను, ఉన్న ధైర్యం కూడా పోతుంది" అంది. నిజంగా పోతుందా?

జవాబు (పాలియేటివ్ కేర్ నర్సు, అంటే నయం కాని జబ్బులో బాధ తగ్గించే సేవలో పనిచేసే నర్సు)
ఫోన్ లాక్ మాట ఊరికే రాలేదండీ. ఈ వయసు పిల్లలు ఇలాగే పక్కదారిన అడుగుతారు. మీరేమీ చెప్పక్కర్లేదు, ముందు అడగండి: "ఈమధ్య నీకేమనిపిస్తోందిరా? డాక్టర్లు ఏం చెప్పినా నీకు తెలియాలనుందా, కొంచెం తెలిస్తే చాలా?" వాడు ఎంత అడిగితే అంతే చెప్పండి.

అమ్మగారి భయానికి జవాబుగా ఒక లెక్క చెబుతాను. స్వీడన్‌లో క్యాన్సర్‌తో బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రుల మీద చేసిన అధ్యయనం 2004లో వచ్చింది. బిడ్డతో చావు గురించి మాట్లాడిన 147 మందిలో ఒక్కరూ ఎందుకు మాట్లాడామా అనుకోలేదు. మాట్లాడని 258 మందిలో 69 మంది మాట్లాడాల్సిందని బాధపడ్డారు. అయితే ఆ 69 చూపించి ఆవిడని భయపెట్టకండి. మిగతావాళ్లు మాట్లాడకపోయినా అలా బాధపడలేదు కదా.

జవాబు (ఒక తండ్రి)
అమ్మా, మా అమ్మాయి పందొమ్మిదేళ్లకి పోయింది. ఎదురుగా కూర్చుని అడిగితే గోడవైపు తిరిగి పడుకునేది. పక్క గదిలోంచి మెసేజ్ మాత్రం పెట్టేది: "నాన్నా, గొంతులో ట్యూబ్ వేస్తారా?" తనకి చావు కంటే ఊపిరాడదేమోనన్నదే టెన్షన్. నొప్పికి వాడే మార్ఫిన్ ఆయాసానికి కూడా కొద్ది మోతాదులో ఇస్తారని డాక్టర్ తనకే వివరించాక రాత్రిళ్లు కాస్త నిద్రపోయింది. మార్ఫిన్ అనగానే అదే ఆఖరి మందని మా చుట్టాలు గోల చేశారులే, అది వేరే కథ. అందరికీ నోటితో మాట్లాడటం రాదు. నీ తమ్ముడికి ఏది సులువో చూడు.

అడిగినవారు
అమ్మకి రెండూ చదివి వినిపించాను. ఏమీ అనలేదు, వద్దని కూడా అనలేదు. అంకుల్, మీరన్నట్టే "ఏమైనా అడగాలనుంటే ఇక్కడ రాయి" అని వాడికి మెసేజ్ పెట్టాను. వెంటనే జవాబు: "ఫస్ట్ అమ్మని నా ముందు నవ్వు నటించొద్దను. ఐసీయూ గురించి అడగాలి. నా గేమ్ అకౌంట్ బాబాయ్ కొడుక్కి ఇవ్వాలి." ఐసీయూ సంగతి నేనేం చెప్పను మేడమ్?

జవాబు (నర్సు)
మీరు చెప్పకండి. డాక్టర్‌ని వాడినే అడగనివ్వండి, మీరు పక్కనుంటే చాలు. ప్రశ్నలు ముందే ఫోన్‌లో రాసుకోమనండి. ఇంట్లో ఉండాలనుందా, ఆసుపత్రిలోనా, గదిలోకి ఎవరు రావచ్చు, ఎవరు వద్దు, ఇవీ అందులో చేర్చమనండి. సంతకాలు అమ్మానాన్నలవే అయినా వాడి మాట ఫైల్లో రాయమని అడగొచ్చు. తర్వాత మనసు మారితే మళ్లీ రాయించండి. గేమ్ అకౌంట్ పని మాత్రం ఇవాళే చేసేయండి.